చదివాకే అట్ట

మా ఇంట్లో ఏ పుస్తకానికైనా అట్ట పడాలంటే ముందు అమ్మ దాన్ని చదవాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు గాని, నాకు ఊహ తెలిసేటప్పటికే అది మా ఇంటి చట్టం. నాన్నది బైండింగ్ పని. కింద ముందు గదిలో కుట్టు, వెనక గదిలో కోత, మేడ మీద మా కాపురం. అచ్చయిన కాగితాలు ప్రెస్సు నుంచి కట్టలు కట్టలుగా వచ్చేవి. ఒక్కో పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఫారాలన్నీ వరసగా పేర్చి వెన్ను దగ్గర దారంతో కుడితే పుస్తకం అవుతుంది. మొదటి ప్రతి కుట్టగానే అమ్మ ఒళ్లోకి వెళ్లేది. అమ్మ కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని పైకి చదువుతుంటే, మిగతా ప్రతుల్ని మడుస్తూ కుడుతూ మేమందరం వినేవాళ్లం. ఎక్కడైనా మాట అతకకపోతే, ఉన్నట్టుండి సంగతి గెంతితే, ఫారాలు తారుమారయ్యాయని చెవికి తెలిసిపోయేది. అప్పటికప్పుడు సరిచేసుకునేవాళ్లం. అట్ట అతికించాక సరిచేయాలంటే పుస్తకాన్ని చింపడమే.

"పేజీ నంబర్లు చూసుకుంటే సరిపోదా?" అని మా పని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు.

"నంబర్లదేముందండీ, ఏది వేస్తే అది వేయించుకుంటాయి. అర్థం అలా కాదు," అనేవాడు నాన్న. ఆ మాట అనే అవకాశం కోసమే ఆయన కొత్తవాళ్లను లోపలికి పిలుస్తాడని అత్తయ్య అనుమానం.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. కుట్టులో చెయ్యి తిరిగిన మనిషి. చేతితో పాటు నోరు కూడా తిరుగుతూనే ఉండేది, అమ్మ చదువుతున్నప్పుడు తప్ప. కోత యంత్రం దగ్గర అన్నయ్య, మడతల బల్ల దగ్గర నేను. అమ్మ గొంతులో ఏముందో చెప్పలేను. చట్టాల పుస్తకం వచ్చినా, వ్యవసాయం పుస్తకం వచ్చినా ఒకే శ్రద్ధతో చదివేది. ఒకసారి కోళ్ల జబ్బుల పుస్తకం చదివి మా అందరికీ కళ్లనీళ్లు తెప్పించింది.

ఒక ఏడాది వానలు మొదలవడానికి ముందు అన్నయ్య అమ్మకు ఫోను కొనిచ్చాడు. అప్పటికే మా అందరి చేతుల్లోనూ ఉంది. చెవులైతే ఎప్పుడో మా దగ్గర లేకుండా పోయాయి. అన్నయ్య ఒక చెవిలో ఏదో ఒక ఆట నడుస్తూనే ఉండేది. అత్తయ్యకు ఎవరివో వంటగదులు ఎవరో తోముతుంటే చూడటం పిచ్చి. తన వంటగదిలో గిన్నెలు తన కోసం ఎదురుచూస్తూ ఉండేవి. నేను వాన వస్తుందా అని చూడబోయి, అరగంట తర్వాత ఎవరివో పెళ్లి ఫోటోలు చూసి పైకి వచ్చేదాన్ని. వాన సంగతి మాత్రం తెలిసేది కాదు. అమ్మ చదువుతున్నప్పుడు కూడా ఒక్కో చెవి ఇటు, ఒక్కో చెవి అటు. అమ్మ చూసీచూడనట్టు ఊరుకునేది.

"కష్టమైన మాట తగిలితే అర్థం చూసుకోవచ్చమ్మా. ప్రతిసారీ ఆ బండ నిఘంటువు దించక్కర్లేదు," అన్నాడు అన్నయ్య.

నిజంగానే అమ్మ ఫోనును అర్థాల కోసమే తెరిచేది. ఒక మాట అర్థం చూడబోయి, దాని పక్కన ఇంకేదో కనపడి, దాని వెనకాల మరేదో లాగి, కొండవాలులో ఎవరో వేసుకున్న కూరగాయల మడి దగ్గర తేలేది. అక్కడినుంచి ఎవరో ఇద్దరు పెద్దమనుషుల దెబ్బలాటలోకి, అక్కడినుంచి కవల దూడల దగ్గరికి. చివరికి తలెత్తి, "ఏ మాట కోసం వెళ్లానే నేను?" అని అడిగేది. అందరం నవ్వేవాళ్లం. అమ్మ కూడా నవ్వేది.

వానలు పట్టుకున్నాక అమ్మ నవ్వడం తగ్గింది. చదువుతూ చదువుతూ ఆగేది. చదివిన వాక్యమే మళ్లీ చదివేది. "కళ్లు జారిపోతున్నాయి," అంటే నేనే కళ్లజోళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రకరకాల అద్దాలు మార్చి, గోడమీది అక్షరాలన్నీ చదివించి, "మీ కళ్లు లక్షణంగా ఉన్నాయమ్మా. ఈ వయసులో ఇలాంటి కళ్లు అందరికీ ఉండవు," అన్నాడు.

తిరిగి వస్తుంటే ఒకటే గొడుగు కింద ఇద్దరం. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. వీధి మలుపు దగ్గర ఆగింది.

"కళ్లు బాగున్నాయంటే, మరి బాగాలేనిది ఏమిటే?" అంది.

నేను ఏదో అని తేల్చేశాను. అమ్మ మనసులో ఏముందో నాకు తెలుసు, తెలిసీ తెలియనట్టు నడిచాను. మా అమ్మమ్మ చివరి రోజుల్లో అన్నీ మర్చిపోయింది. మొదట చదువు పోయింది, తర్వాత వస్తువుల పేర్లు పోయాయి, ఆఖరుకు అమ్మ ఎవరో అన్నది కూడా పోయింది. అమ్మకు ప్రాణం మీద భయం లేదు గాని, ఆ భయం ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మబ్బుల పెద్దాయన పుస్తకం వచ్చింది.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ వాతావరణ కేంద్రంలో ఆకాశం చూశాడు. ఇన్ని గంటలకోసారి బయటికి వచ్చి, తలెత్తి, ఏ మబ్బు ఉంది, ఎంత మేర ఉంది, గాలి ఎటు వీస్తోంది అని రాయడమే పని. రిటైరయ్యాక తను చూసిందంతా పుస్తకంగా రాసి, సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. కాగితాల కట్టలు దింపించిన రోజు తనే వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం వెనక్కి వాలి ఉన్న మనిషి.

"ఇందులో కథ ఏమీ ఉండదండీ," అన్నాడు నాన్నతో, ముందే క్షమించమన్నట్టు. "మబ్బులే ఉంటాయి. ఓపికున్నవాళ్ల కోసం."

మొదటి రెండు రోజులు అమ్మ ఆ పుస్తకంతో పడ్డ అవస్థ చూడలేకపోయాం. ఒక్కో వాక్యం ఒక్కో వీధంత పొడుగు. పడమట పొరమబ్బు, దాని అంచున వెలుగు, ఆ వెలుగు తరిగే తీరు. అమ్మ వేలు పెట్టి చదివేది, తప్పిపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. అత్తయ్య చెవిలో తీగ పెట్టేసుకుంది. అన్నయ్య యంత్రం దగ్గరికి జారుకున్నాడు. నేనూ ఒక చేత్తో మడుస్తూ ఒక చేత్తో ఫోను తోస్తూ కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ గొంతు మారింది. పాత గొంతు వచ్చేసింది. బయట ఒకటే వాన. కొండమీద వాతావరణ కేంద్రం దగ్గరికి కింద సత్రంలో దుప్పట్లు ఉతికే ఆవిడ ఒకతె రోజూ పొద్దున్నే ఎక్కి వచ్చేదట.

"'ఇవాళ ఆరేయనా?' అని అడిగేది," అని చదివింది అమ్మ. "'ఇప్పుడైతే వాన లేదు,' అన్నాను. 'ఇప్పుడు లేదని నాకూ కనపడుతోంది లెండి. నేనడిగేది తర్వాత సంగతి,' అంది. తర్వాత సంగతి చెప్పడానికి నాకు అనుమతి లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా ఉద్యోగం."

అత్తయ్య చెవిలో తీగ తీసేసింది. "ఏమ్మా, మళ్లీ చదువు. ఎవరావిడ?" అంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు ఒక పద్ధతిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా గదినిండా పచ్చి కాగితం వాసన, ఉడికిన జిగురు వాసన, కిటికీకి అవతల తెరలు తెరలుగా వాన, మధ్యలో అమ్మ గొంతు. పొద్దున ఏదో, సాయంత్రం ఏదో తెలిసేది కాదు. అన్నయ్య యంత్రం ఆపి వచ్చి గడప మీద కూర్చునేవాడు. ఫోన్లు ఎక్కడో మోగేవి, ఎవరూ లేచేవాళ్లు కాదు. ఒక రోజు పెద్దాయన ఉండబట్టలేక "ఇవాళ ఆరేయకు," అని చెప్పేశాడు. ఆ రోజంతా ఎండ కాసింది. ఆవిడ అలిగి కొండ ఎక్కడం మానేసింది. అత్తయ్య మొహం గంటు పెట్టుకుని రెండు రోజులు పెద్దాయన మీద కారాలు మిరియాలు నూరింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక చోటుంది. ఆవిడ అలక తీరి మళ్లీ వచ్చి, ఆ కొండ మీదే తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేస్తుంది. అంతలో మంచు కమ్ముకుంటుంది. ఏది దుప్పటో, ఏది మంచో తెలియదు. తడిగుడ్డ టపటపలాడే చప్పుడును పట్టుకుని పెద్దాయన ఆవిడ కోసం వెతుకుతూ పోతాడు. ఒక్కో తెల్లదనాన్ని చేత్తో తాకి చూస్తాడు, గుడ్డ అయితే తడిగా తగులుతుంది, మంచయితే చెయ్యి అలా వెళ్లిపోతుంది. ఆ రాత్రి కలలో కూడా నేను ఆ తాళ్ల మధ్య తిరిగాను.

"ఈ పెద్దాయన ఊరికే కథ లేదు కథ లేదన్నాడు," అన్నాడు నాన్న, కళ్లు తుడుచుకుని, జిగురు కలుపుతూ.

అమ్మ ఆఖరి పేజీ తిప్పి, పుస్తకం మూసి, "అయిపోయింది. అట్టలు వేసేయండి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. నాకు అది అప్పుడు వింతగా తోచలేదు.

పుస్తకాలు బండికెక్కి వెళ్లాయి. అలవాటు ప్రకారం ఒక ప్రతి మా దగ్గర ఉండిపోయింది. వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, ఆ దుప్పట్ల చోటు మళ్లీ చదువుకుందామని నేను ఆ ప్రతి తీసుకుని కూర్చున్నాను.

దొరకలేదు. మొదటినుంచి చివరిదాకా తిప్పాను. చివరినుంచి మొదటికి తిప్పాను. చదవలేదు, వెతికాను, నాకు ఆ రోజుల్లో చేతనైంది అదొక్కటే. దుప్పటి అన్న మాటే పుస్తకం మొత్తంలో లేదు. సత్రం లేదు, ఆవిడ లేదు. అలా తిప్పుతుంటే ఒక చోట వేలు ఆగింది. తొంభై ఆరో పేజీ చివర "గాలి దిశ మారే ముందు చెట్లలో" అని వాక్యం సగంలో ఉంది. ఎదుటి పేజీలో "గొడుగు మరిచిన నాడు" అని ఇంకేదో మొదలైంది. పేజీ నంబరు చూస్తే నూట పదమూడు. రెండు ఫారాలు అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి. పేర్చే బల్ల మీద కట్టలు పెట్టేటప్పుడు తారుమారై ఉంటాయి. ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు. అందరం అక్కడే ఉన్నాం, ఎవరి లోకంలో వాళ్లం ఉన్నాం. కట్ట మారితే ఒక్క ప్రతి కాదు, ప్రతులన్నీ అలాగే కుట్టబడతాయి.

గుండె జారిపోయింది. పెద్దాయన పుస్తకం పాడైనందుకు సగం. మిగతా సగం దేనికో నాకు తెలుసు.

అమ్మ డాబా మీద తడిసిన గోనెలు పిండుతోంది. నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, ఆ దుప్పట్ల కథ ఏ పేజీలో ఉంది?"

అమ్మ గోనె దులిపి గోడమీద వేసింది. చేతులు తుడుచుకుంది.

"ఏ పేజీలోనూ లేదు," అంది.

ఇద్దరం గోడకానుకుని నిలబడ్డాం. తర్వాత అమ్మే మొదలుపెట్టింది. "అక్షరాలు కనపడతాయే. వాక్యం పట్టుకుంటాను. సగానికి వచ్చేసరికి మనసు ఇంకెక్కడికో పోయి ఉంటుంది. వెళ్లి పట్టుకొస్తాను, మళ్లీ పోతుంది. చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో ఉండదు. మీరంతా నా మొహం చూస్తున్నారు. ఆగితే తెలిసిపోతుంది. నోటికొచ్చింది చెప్పుకుపోయాను. పేజీలు మాత్రం లెక్కగా తిప్పాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మీ అమ్మమ్మకూ ఇలాగే మొదలైంది."

అమ్మ కళ్లలో నీళ్లు లేవు. నీళ్లుంటే బాగుండేదనిపించింది. ఆ ఎండిన కళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది.

"నాకూ అంతేనమ్మా," అన్నాను.

"నీకెందుకుంటుందే? నీ వయసెంత?"

"వయసుతో పనిలేదు. నేను ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి ఎంత కాలమైందో నాకే తెలీదు. నువ్వు చదువుతుంటే వినడమే. అదైనా ఒక చెవితోనే."

అమ్మ నన్ను వింతగా చూసింది. చెయ్యి పట్టుకుని కిందికి లాక్కుపోయింది. అన్నయ్యను నిలబెట్టి అడిగింది, ఈ మధ్య ఏదైనా ఒక పేజీ ఆగకుండా చదివావా అని. "పేజీ అంటే, ఎంత పేజీ?" అన్నాడు. అత్తయ్యను అడిగితే, "నేను ఎప్పుడు చదివాను గనక పోగొట్టుకోడానికి? వినడమే నా చదువు. అదీ ఈ మధ్య సరిగ్గా లేదు, కుట్టు లెక్క తప్పుతోంది," అంది.

అమ్మ పీట మీద కూలబడింది. తనకు అమ్మమ్మ జబ్బు రాలేదని తెలిసి ముందు హాయిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. "ఇంటిల్లిపాదికీ పట్టిందన్నమాట," అంది నెమ్మదిగా.

నాన్నకు చెప్పడం నా వంతైంది. ఆయన అరవలేదు. తను అట్ట వేసిన ఆ పుస్తకాన్ని తీసుకుని, తారుమారైన చోట బొటనవేలితో రెండుమూడు సార్లు రాసి చూశాడు, చెరిపితే పోతుందేమో అన్నట్టు. మా నాన్న చేతి మీదుగా తప్పు పుస్తకం బయటికి పోవడం అదే మొదలు. "పదండి, ఆయన దగ్గరికి పోదాం," అన్నాడు.

పెద్దాయన ఇల్లు రెండో అంతస్తులో ఉంది. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఎదురుగా పెద్ద కిటికీ. కిటికీలోంచి వీధి కనపడదు, ఆకాశమే కనపడుతుంది. గోడవారగా మా పుస్తకాల దొంతరలు. నాన్న నిలబడే సంగతంతా చెప్పాడు, అన్ని ప్రతులూ విప్పి మళ్లీ కుట్టిస్తామన్నాడు.

పెద్దాయన నెమ్మదిగా టీ పోశాడు. "చూశానండీ. ఇంటికి తెచ్చిన రోజే చూశాను," అన్నాడు.

"మరి కబురైనా చేయలేదేమండీ?" అన్నాడు నాన్న, తెల్లబోయి.

"ఉన్నది చూసి ఊరుకోవడమే నాకు అలవాటు. చాలామందికి పంచిపెట్టాను కదా, ఎవరైనా అంటారేమో, ఎవరు ముందు అంటారో చూద్దామని కూర్చున్నాను." ఆయన టీ గ్లాసులు మా చేతికిచ్చాడు. "అందరూ బాగుందన్నారు. ఫోనుకు దండం పెట్టే చేతుల బొమ్మలు పంపారు. ఒకాయన ఆపకుండా చదివేశానన్నాడు. తొంభై ఆరో పేజీ దగ్గర ఆయన ఎలా ఆగకుండా ఉన్నాడో నాకు తెలీదు."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూడలేక నేను టీ గ్లాసులోకి చూశాను.

"మొత్తానికి మీరొచ్చారు," అన్నాడు ఆయన అమ్మ వైపు తిరిగి. ఆయన మొహం వెలిగిపోయింది. "మీ ఇంటి పద్ధతి గురించి విన్నాను. చదివాకే అట్ట వేస్తారట కదా. అంటే చదివింది మీరొక్కరేనమ్మా."

నాన్న ఊపిరి బిగబట్టడం నాకు వినపడింది. అమ్మ తల ఊపితే చాలు, పని చక్కబడిపోతుంది. ఆ పెద్దాయనకు కూడా అదే కావాలి.

"లేదండీ," అంది అమ్మ. "నేనూ చదవలేదు. చదవలేకపోయాను. చదివినట్టు ఏదో చెప్పాను. మా అమ్మాయి దాన్ని వెతుక్కుంటూ పోతే తప్పు దొరికింది."

కిటికీలో మబ్బు ఒకటి అలాగే నిలబడి ఉంది.

"ఏం చెప్పారు?" అన్నాడు పెద్దాయన.

అమ్మ చెప్పింది. ఉతికే ఆవిడ సంగతి, ఆరేయకు అన్న రోజు సంగతి, మంచులో దుప్పట్ల సంగతి. మొదట గొణుగుతూ, తర్వాత తన గొంతుతోనే. పెద్దాయన కిటికీవైపు తిరిగి విన్నాడు. అయిపోయాక కూడా అటే చూస్తూ ఉన్నాడు.

"అలాంటి మనిషి ఒక్కరు ఆ కొండ ఎక్కి వచ్చుంటే, నేను ఈ పుస్తకం రాసేవాణ్ణే కాదమ్మా," అన్నాడు.

మేం లేచి మెట్ల దాకా వచ్చాక మళ్లీ పిలిచాడు. "విప్పి కుట్టండి. ఈసారి మాత్రం నన్నే చదవండి. బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి, నేనేమీ అనుకోను."

మిగిలిన వానాకాలమంతా మేము మా పుస్తకాలను మేమే చింపాం. అట్ట ఊడదీయడం, దారం తెంపడం, ఎండిన జిగురు గోకడం. వేసినదాని కన్నా తీసేదానికి ఎక్కువ పని. పంచిపెట్టినవాటిని అన్నయ్య ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చాడు. చాలావాటిలో పేజీలు ఒకదానికొకటి ఇంకా అంటుకునే ఉన్నాయి. పనివేళల్లో ఫోన్లు మేడ మీద పెట్టాలని నాన్న ఒక రూలు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే "ప్రెస్సువాళ్లు చేస్తారేమో" అని మెట్లెక్కి వెళ్లి భోజనాల వేళకు దిగింది ఆయనే. రూలు అంతటితో సరి.

అమ్మ మాత్రం ఎవరికీ ఏ రూలూ పెట్టలేదు. తన ఫోను బియ్యం డబ్బా మీద వదిలేసి వచ్చి కూర్చునేది. ఒక వాక్యం చదివేది. పోతే మళ్లీ చదివేది. మొదటి రోజు ఒక పేజీ కూడా కాలేదు. చెమటలు పట్టాయి. మేం వినడానికి కూడా చెమటలు పట్టాయి, నిజం చెబితే. నా చెయ్యి తనంతట తను జేబులోకి పోయేది, తీసి బల్ల మీద పెట్టుకునేదాన్ని. ఆ దుప్పట్ల కథ తర్వాత ఈ పొరమబ్బులు చప్పగా ఉన్నాయి. మనసు మొరాయించేది.

"ఆ ఉతికే పిల్ల ఎప్పుడొస్తుందమ్మా?" అంది అత్తయ్య నాలుగో రోజు, సూది ఆపకుండా.

"రాదు వదినా. ఇందులో రాదు," అంది అమ్మ.

అత్తయ్య పెదవి విరిచింది. అయినా లేచి పోలేదు.

రోజుకు రెండు పేజీలయ్యాయి. ఎనిమిది రోజులకు ఒక ఫారం. మధ్యలో ఎన్నిసార్లు ఆగేదో. ఆ ఆగడంలో అమ్మ ఎక్కడికి పోయిందో, వెనక్కి రావడానికి ఎంత అవస్థ పడుతోందో కనుబొమల మీద తెలిసేది. ఎవరం అందించేవాళ్లం కాదు. అమ్మ వద్దంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం, వెలుతురు ఇంకా బాగానే ఉంది, అమ్మ ఒక పెద్ద వాక్యం మధ్యలో ఉంది. "ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రయత్నించాను గాని, మబ్బు కదలడం నేను ఏనాడూ చూడలేదు, కదిలిపోయిందని మాత్రం తెలిసేది, ఎందుకంటే" అని చదివి ఆగింది.

మేం ఎదురుచూశాం. అమ్మ పుస్తకం పక్కన బల్ల మీద బోర్లించి లేచింది. కిటికీ రెక్క పూర్తిగా తెరిచి, ఊచ పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది.

చాలాసేపు అలాగే నిలబడింది. అత్తయ్య సూది ఆగిపోయింది. నాన్న జిగురు కుంచె గిన్నెలో పెట్టేశాడు. "చదువుతున్న సంగతి మర్చిపోయిందేమోనే," అన్నాడు అన్నయ్య నా చెవిలో. నాకూ అదే భయం వేసింది. పిలుద్దామని నోరు తెరిచాను, నాన్న చేత్తో వద్దన్నాడు. జిగురు మీద మీగడలా పొర కట్టింది. ఎదురింటి గోడ మీద ఎండ ఒక ఇటుక వరస కిందికి దిగింది. గదిలో ఎవరం ఏమీ చూడటం లేదు, అమ్మ వీపు తప్ప.

చివరికి అమ్మ వెనక్కి తిరిగింది.

"ఆయన పొరపాటు పడ్డాడండీ," అంది నాన్నతో. "ఒక్కదాన్నే పట్టుకుని చూస్తూ ఉంటే కదలడం కనపడుతుంది. ఇప్పుడే చూశాను. ఆయనకు చెప్పాలి."

వచ్చి పీట మీద కూర్చుంది. పుస్తకం ఇంకా తిరగేయకముందే, "ఎందుకంటే" అంది. అప్పుడు పుస్తకం ఎత్తి, ఆ పక్క మాట నుంచి చదువుకుంటూ పోయింది.